దాచాం సరే, ఎవరి నుంచి దాచాం?

ఈ రోజు కథ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తా. ఫోన్‌లో క్రోమ్ తెరవండి. మీరు రోజూ చూసే వార్తల సైటో, మీ కాలేజీ సైటో ఏదో ఒకటి ఓపెన్ చేయండి. పైన మూడు చుక్కలు ఉంటాయి కదా, అవి నొక్కి "డెస్క్‌టాప్ సైట్" అన్న చోట టిక్ పెట్టండి.

ఏమైంది? చాలా సైట్లలో అక్షరాలు చిన్నవైపోతాయి, ఇందాకటి వరకు లేని మెనూ పైన బారుగా వచ్చేస్తుంది. కుడి పక్కన ఇంకో వరుస కూడా పుట్టుకొస్తుంది. టిక్ తీసేస్తే మళ్ళీ అన్నీ మాయం.

అవి ఎక్కడికి పోయినట్టు? నిజం ఏంటంటే చాలాసార్లు ఎక్కడికీ పోలేదు. మీ ఫోన్‌లోకి వచ్చే ఉన్నాయి. మీకు చూపించొద్దని ఎవరో ఒక చిన్న మాట రాసి పెట్టారు, అంతే. ఆ చిన్న మాట చరిత్రే ఈ ఎపిసోడ్. ముప్పై ఏళ్ళ కథ. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది, మధ్యలో చెబుతా.

మొదటి నుంచి వద్దాం. 1990ల మొదట్లో వెబ్ పేజీ అంటే అక్షరాలు, లింకులు, అంతే. స్విట్జర్లాండ్‌లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది కదా, టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ని పుట్టించింది అక్కడే. శాస్త్రవేత్తలు తమ పత్రాలు ఒకరికొకరు చూపించుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. రంగు ఏమిటి, ఫాంట్ ఏమిటి అనే బాధ వాళ్ళకి లేదు. కానీ వెబ్ బయటికొచ్చాక మామూలు జనం, కంపెనీలు, పత్రికలు దిగాయి. "నా పేజీ నేను అనుకున్నట్టే కనిపించాలి" అన్న గోల మొదలైంది.

అప్పుడు సెర్న్‌లోనే పనిచేస్తున్న హోకన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన 1994 అక్టోబర్ 10న ఒక ప్రతిపాదన పెట్టాడు. అదే సీఎస్ఎస్, క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్. తర్వాత నెదర్లాండ్స్ నుంచి బెర్ట్ బాస్ ఆయనతో కలిశాడు. పేజీలో విషయం ఒక చోట, అది ఎలా కనపడాలి అన్నది ఇంకో చోట రాసుకోవాలి అన్నది వాళ్ళ ఆలోచన.

ఆ మొదటి ప్రతిపాదనలో నాకు బాగా నచ్చింది ఒకటి ఉంది. పేజీ ఎలా కనపడాలో రాసినవాడు ఒక్కడే తేల్చకూడదు, చదివేవాడికి కూడా వాటా ఉండాలని లీ అనుకున్నాడు. ఎవరి మాట ఎంత శాతం చెల్లాలో చెప్పే పద్ధతి కూడా అందులో పెట్టాడు. పరిస్థితిని బట్టి పేజీ మారాలన్న ఊహ కూడా అప్పుడే ఉంది. ఈ రోజు ఫోన్ సైజుని బట్టి పేజీ మారుతోంది చూశారా, ఆ ఊహకి విత్తనం 1994లోదే. మొలకెత్తడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

1996 డిసెంబర్ 17న సీఎస్ఎస్ మొదటి స్థాయి అధికారికంగా వచ్చింది. మన కథానాయకుడు అందులోనే ఉన్నాడు: "డిస్‌ప్లే: నన్". అంటే ఈ ముక్కని అసలు చూపించకు, లేనట్టే అనుకో అని బ్రౌజర్‌కి చెప్పడం. 1998 మేలో రెండో స్థాయి వచ్చింది. అందులో దీనికో తమ్ముడు పుట్టాడు: "విజిబిలిటీ: హిడెన్".

ఇద్దరికీ తేడా ఏమిటంటే, ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం. మనిషి ఇంకా లేడు, కానీ సీటు ఆయనదే, ఇంకెవరూ కూర్చోరు. విజిబిలిటీ హిడెన్ అంటే అదే. వస్తువు కనపడదు, దాని చోటు మాత్రం ఖాళీగా అలాగే ఉంటుంది. డిస్‌ప్లే నన్ అంటే ఏకంగా సీటే పీకేసి, వెనక సీట్లు ముందుకు జరిపేసినట్టు. అక్కడ ఒక సీటు ఉండేదని కూడా తెలియదు.

1998లోనే ఇంకో చిన్న మార్పు జరిగింది. సీఎస్ఎస్‌లో "ఇంపార్టెంట్" అని ఒక గుర్తు ఉంటుంది. దాన్ని పెడితే ఆ మాట గట్టిగా చెల్లుతుంది. మొదటి స్థాయిలో రాసినవాడూ చదివేవాడూ ఇద్దరూ ఆ గుర్తు పెడితే రాసినవాడే గెలిచేవాడు. రెండో స్థాయిలో దాన్ని తిప్పేశారు, చదివేవాడు గెలుస్తాడు. చూపు తక్కువున్నవాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకోవాలంటే వాళ్ళ మాటే నెగ్గాలి కదా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు 2003కి వెళ్దాం. అప్పట్లో వెబ్‌లో అందమైన ఫాంట్లు వాడటం కుదిరేది కాదు. డిజైనర్లు ఏం చేసేవాళ్ళంటే, శీర్షికని బొమ్మగా గీసి వెనకాల పెట్టి, అసలు అక్షరాలను డిస్‌ప్లే నన్‌తో దాచేసేవాళ్ళు. టాడ్ ఫార్నర్ అనే ఆయన పేరు మీద దీన్ని ఫార్నర్ ఇమేజ్ రీప్లేస్‌మెంట్ అన్నారు. డగ్లస్ బౌమన్ 2003లో దీని గురించి రాశాక బాగా వ్యాపించింది. చూసేవాళ్ళకి అందమైన శీర్షిక, వెనక సెర్చ్ ఇంజిన్లకి మామూలు అక్షరాలు. అందరూ సంతోషం.

ఒక్కరు తప్ప. కళ్ళు కనపడనివాళ్ళు కంప్యూటర్ ఎలా వాడతారో తెలుసు కదా? స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పేజీని పైకి చదివి వినిపిస్తుంది. వాళ్ళకి వెనకున్న బొమ్మతో పనిలేదు, అక్షరాలే కావాలి. ఆ అక్షరాలు ఉన్నాయి కాబట్టి స్క్రీన్ రీడర్ చదువుకుంటుందిలే అని డిజైనర్లు అనుకున్నారు. అదే ఏడాది జో క్లార్క్ అనే యాక్సెసిబిలిటీ రచయిత స్క్రీన్ రీడర్లతో పరీక్ష చేసి చూపించాడు. డిస్‌ప్లే నన్ పెట్టిన శీర్షికలను అవి చాలావరకు చదవడం లేదు. కళ్ళున్నవాళ్ళ కోసం దాచింది చెవులకి కూడా దాగిపోయింది.

నా లెక్కలో ఈ కథ మలుపు ఇక్కడే. దాచడం అంటే ఒకే పని అని అప్పటిదాకా అనుకున్నారు. కాదు. కంటి నుంచి దాచడం వేరు, చెవి నుంచి దాచడం వేరు. "దాచు" అని రాసేముందు "ఎవరి నుంచి?" అని అడగాలి. అప్పటి సీఎస్ఎస్‌లో "కంటికి వద్దు, చెవికి మాత్రం కావాలి" అని చెప్పే సూటి మాట లేదు. నిజానికి దానికంటూ ప్రత్యేకంగా ఒక్క మాట ఇప్పటికీ లేదు. అందుకే జనం చిట్కాలు కనిపెట్టారు.

మొదటి చిట్కా భలే ఉంటుంది. అక్షరాలను దాచకుండా, తెరకి ఎడమవైపు 9999 పిక్సెళ్ళ దూరంలోకి నెట్టేయడం. ఊరి బయట పెట్టేసినట్టు. కంటికి కనపడదు, పేజీలో ఉంది కాబట్టి స్క్రీన్ రీడర్ చదువుతుంది. బాగానే ఉంది కానీ, ఎడమ నుంచి కుడికి రాసే భాషలకే బాగుంది. మన హైదరాబాద్ బోర్డుల మీద ఉర్దూ చూస్తాం కదా, అది కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. అలాంటి పేజీల్లో ఎడమకి నెట్టేస్తే పేజీ కూడా అటు సాగిపోయి, మైళ్ళ పొడవున ఖాళీ స్క్రోల్ వచ్చేది.

2010 ప్రాంతానికి దీనికంటే మంచి పద్ధతి స్థిరపడింది. ఆ ముక్కని 1 పిక్సెల్ వెడల్పు, 1 పిక్సెల్ ఎత్తుకి కుదించి, మిగతాదంతా కత్తిరించేయడం. తర్వాత అందులోనూ తంటా బయటపడింది. ఒక్క పిక్సెల్‌లో ఇరికించేసరికి మాటల మధ్య ఖాళీలు పోయి, స్క్రీన్ రీడర్ మాటలన్నీ కలిపేసి చదివేది. దానికి ఇంకో లైను కలిపారు. ఇలా ఒక్కో లైనూ ఎవరో ఒకరు ఇబ్బంది పడ్డాక చేరిందే.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తెర వెనక పాడేవాళ్ళు మనకి కనపడరు, గొంతు మాత్రం ఊరంతా వినిపిస్తుంది.

సరే, ఇన్ని లైన్లు ప్రతిసారీ ఎవరు రాస్తారు? ఇక్కడే యుటిలిటీ క్లాసులు వచ్చాయి. క్లాస్ అంటే పేజీలో ముక్కకి అతికించే చీటీ అనుకోండి. మామూలుగా చీటీ మీద ఆ వస్తువు పేరు రాస్తారు, "మెనూ" అనో "వార్త" అనో. యుటిలిటీ క్లాస్ చీటీ మీద దాన్ని ఏం చేయాలో రాస్తారు: "దాచు", "వినిపించు కానీ చూపించకు", "ఫోన్‌లో మాత్రమే చూపించు". చీటీ అతికిస్తే చాలు, పని అయిపోతుంది. 2010లో వచ్చిన హెచ్‌టీఎంఎల్5 బాయిలర్‌ప్లేట్ అనే ప్రాజెక్టులో "హిడెన్", "విజువల్లీహిడెన్", "ఇన్‌విజిబుల్" అని విడివిడి చీటీలు పెట్టారు. ఎవరి నుంచి దాచాలన్న ప్రశ్నకి అందరూ వాడుకునేలా జవాబులు తయారయ్యాయి.

అదే సమయంలో ఫోన్లు వచ్చి మీద పడ్డాయి. 2007లో ఐఫోన్, ఆ వెనకే ఆండ్రాయిడ్. అప్పట్లో ఫోన్‌కి వేరే సైటు, కంప్యూటర్‌కి వేరే సైటు కట్టేవాళ్ళు. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అని ఒక వ్యాసం రాశాడు. ఒకే పేజీ, తెర సైజుని బట్టి సర్దుకోవాలి అని. అందుకు కావాల్సిన మీడియా క్వెరీలు అనే పరికరం 2012 జూన్‌లో అధికారిక ప్రమాణం అయింది. 1994లో లీ వేసిన విత్తనం అన్నాను కదా, అది ఇదే. 18 ఏళ్ళు.

2011 ఆగస్టులో ట్విట్టర్‌లో పనిచేసే మార్క్ ఓటో, జేకబ్ థార్న్‌టన్ బూట్‌స్ట్రాప్‌ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2012లో వచ్చిన రెండో వెర్షన్‌లో "విజిబుల్-ఫోన్", "హిడెన్-ఫోన్", "హిడెన్-డెస్క్‌టాప్" లాంటి చీటీలు వచ్చాయి. తెర 767 పిక్సెళ్ళు, అంతకంటే తక్కువ అయితే ఫోన్. 980, ఆ పైన అయితే డెస్క్‌టాప్. 2013లో మూడో వెర్షన్‌లో పేర్లు "హిడెన్-ఎక్స్ఎస్" లాంటివి అయ్యాయి. స్క్రీన్ రీడర్ కోసం మాత్రమే ఉంచేదానికి "ఎస్ఆర్-ఓన్లీ" అని ఒకటి ఉండేది.

నాలాంటి చిన్న డెవలపర్లకి ఇది పండగ. ఫోన్‌లో చోటు చాలట్లేదా? హిడెన్-ఫోన్ కొట్టు. పక్క వరుస ఇబ్బంది పెడుతోందా? హిడెన్-ఫోన్ కొట్టు. ఇంట్లో చుట్టాలొస్తున్నారంటే సామాన్లన్నీ మంచం కిందకి తోసేస్తాం చూడండి, అలాగే.

కానీ మంచం కింద పెట్టినా సామాను ఇంట్లోనే ఉంది. ఒక ఫోటోకి డిస్‌ప్లే నన్ పెడితే అది కనపడదు, కానీ మామూలుగా బ్రౌజర్ దాన్ని దించుకుంటుంది. అప్పుడు మన దగ్గర పరిస్థితి ఏమిటో గుర్తుందా? జియో 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. అంతకు ముందు నెట్ ప్యాక్ ఎంబీల లెక్కన చూసుకుని వాడేవాళ్ళం. కంప్యూటర్ కోసం పెట్టిన పెద్ద ఫోటో ఫోన్‌లో దాగి ఉంటుంది, దాని ఎంబీలు మాత్రం మన ప్యాక్‌లోంచి పోతాయి. కంటి నుంచి దాచారు, జేబు నుంచి దాచలేదు. దీనికి కూడా తర్వాత మందులొచ్చాయి. తెరకి తగిన ఫోటోనే దించే పిక్చర్ ట్యాగ్ ఒకటి. అవసరమైతేనే దించే లేజీ లోడింగ్ ఇంకొకటి, ఇది 2019లో క్రోమ్‌లోకి వచ్చింది.

ఇప్పుడు నా తప్పు. 2015లో ఒక ఊళ్ళో కోచింగ్ సెంటర్‌కి సైటు చేసి పెట్టా. పైన మూడు బటన్లు: దరఖాస్తు, ఫీజు వివరాలు, ఫోన్ చేయండి. కంప్యూటర్‌లో బొమ్మ పక్కన మాటలు కూడా కనపడతాయి. ఫోన్‌లో చోటు చాలక మాటలకి హిడెన్-ఎక్స్ఎస్ కొట్టి, బొమ్మలు మాత్రం ఉంచా. చూడటానికి ముచ్చటగా ఉంది. నాకు నేనే భుజం తట్టుకున్నా.

నెల తర్వాత ఒక ఫోన్ వచ్చింది. పెద్దాయన, రిటైర్డ్ టీచరట, చూపు లేదు. మనవరాలి కోసం దరఖాస్తు పెట్టాలని ఫోన్‌లో సైటు తెరిచారు. "బాబూ, మీ పేజీ తెరిస్తే నా ఫోన్ బటన్, బటన్, బటన్ అంటోంది. ఏ బటన్ దేనికో చెప్పట్లేదు. ఇందులో దరఖాస్తు ఏదయ్యా?" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. "మొదటిదేనండీ, కాగితం బొమ్మ ఉంటుంది చూడండి" అన్నా. అన్నాక నాలుక కరుచుకున్నా. ఆయన మాత్రం నవ్వి, "చూడగలిగితే నీకెందుకు చేస్తానయ్యా" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని మార్చా. మాటలను పూర్తిగా దాచకుండా, ఫోన్ సైజులో కంటికి మాత్రం కనపడకుండా, చెవికి వినపడేలా నాలుగు లైన్లు రాసుకున్నా. పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల పని చేయని పాపానికి నెల రోజుల్లో ఇంకెంతమంది "బటన్, బటన్" విని ఫోన్ పక్కన పెట్టేశారో నాకు తెలిసే దారి లేదు. ఆ ఒక్కరు ఫోన్ చేసి అడిగారు కాబట్టి నాకు తెలిసింది.

తర్వాత చరిత్ర కూడా ఆ వైపే నడిచింది. 2017 నవంబర్‌లో ఆడమ్ వాథన్, అతని మిత్రుల టెయిల్‌విండ్ వచ్చింది. ఇక్కడ పేజీ మొత్తం చీటీలతోనే కడతారు. 2018 జనవరిలో బూట్‌స్ట్రాప్ నాలుగో వెర్షన్ వచ్చింది. హిడెన్-ఫోన్ లాంటి మాటలు పోయి "డి-నన్", "డి-ఎండి-బ్లాక్" అనేవి వచ్చాయి. రెండూ కలిపి రాస్తే అర్థం: మొదట దాచు, తెర 768 పిక్సెళ్ళు, ఆ పైన అయితే చూపించు. మునుపు కంప్యూటర్ పేజీ కట్టి ఫోన్ కోసం తీసేసేవాళ్ళం. ఇప్పుడు ఫోన్ పేజీ కట్టి పెద్ద తెర కోసం కలుపుతున్నాం. అంటే లెక్కలో మొదటి మనిషి మీరే, ఫోన్ పట్టుకున్నవాళ్ళు.

2021 మేలో బూట్‌స్ట్రాప్ ఐదో వెర్షన్‌లో ఎస్ఆర్-ఓన్లీ పేరు "విజువల్లీ-హిడెన్" అయింది. పాత పేరు "ఇది స్క్రీన్ రీడర్ వాళ్ళది" అంటుంది. కొత్త పేరు "కంటికి మాత్రమే దాచాం" అంటుంది. ఎవరి నుంచి దాచామన్నది చీటీ మీదే రాసేశారు. 2003లో అడగని ప్రశ్నకి జవాబు పేరులోకి ఎక్కడానికి ఇంతకాలం పట్టింది.

ఇంకో రెండు విషయాలు చెప్పి ముగిస్తా. ఒకటి, దాచడం తాళం కాదు. డిస్‌ప్లే నన్ పెట్టిన విషయం పేజీ సోర్సులో అలాగే ఉంటుంది. కంప్యూటర్‌లో కంట్రోల్ యూ నొక్కితే ఎవరైనా చదవొచ్చు. మీలో వెబ్ నేర్చుకునేవాళ్ళుంటే, ఒకరి ఫోన్ నంబరో, పరీక్ష జవాబో ఇలా "దాచి" నిద్రపోకండి. చూపించకూడనిది అసలు పంపకూడదు.

రెండోది, ఈ మాటని చెడుకీ వాడొచ్చు. "సబ్‌స్క్రిప్షన్ రద్దు" లింకుని మడతల్లో పెట్టడం, అదనపు ఛార్జీని మసక అక్షరాల్లోకి నెట్టడం. మన దేశంలో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2023 నవంబర్ 30న ఇలాంటి డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. మొత్తం 13 రకాలు పేర్కొంది. అవసరమైన సమాచారాన్ని మరుగునపెట్టి, వాళ్ళకి లాభమైనదాన్నే ఎత్తి చూపించడం అందులో ఒకటి. మీకు అలా జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు.

అలాగే దాచే హక్కు మీ చేతిలో కూడా ఉంది. 1998లో చదివేవాడి మాట గెలుస్తుందని తిప్పారన్నాను కదా. యాడ్ బ్లాకర్లు చేసే పనుల్లో ఒకటి అదే. ప్రకటన ముక్కకి మీ తరఫున డిస్‌ప్లే నన్, పక్కన ఇంపార్టెంట్ గుర్తు. సైటు వాళ్ళ మాట మీద మీ మాట.

ఈ వారం ఒక పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. ఒకసారి నొక్కితే చదువుతుంది, రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే తెరుచుకుంటుంది. ఆఫ్ చేసేటప్పుడు కూడా అంతే, కంగారు పడకండి. కళ్ళు మూసుకుని మీకిష్టమైన ఒక సైటు ఐదు నిమిషాలు వాడి చూడండి. ఎన్నిసార్లు ఉత్తి "బటన్" అని వినిపిస్తుందో లెక్కపెట్టండి. వినిపిస్తే ఆ సైటు వాళ్ళకి ఒక మెయిల్ పెట్టండి. ఆ రోజు ఆ మాస్టారు నాకు చేసిన మేలు అదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.